పదేళ్లకు, పదహారేళ్లకు వేయాల్సిన టీకాలు: ఒక్కరూ తప్పిపోకుండా ఏం చేయాలి?

చిన్నపిల్లల టీకాల గురించి మన దగ్గర ఎవరికీ పెద్దగా చెప్పాల్సిన పని లేదు. పుట్టినప్పటి నుంచి ఏడాదిన్నర దాకా తల్లులే కార్డు పట్టుకుని వస్తారు, రాకపోతే ఆశా కార్యకర్త ఇంటికెళ్లి పిలుచుకొస్తుంది, ఐదేళ్ల బూస్టర్ కూడా బడిలో చేర్చే హడావుడిలో ఎలాగో అయిపోతుంది. ఆ తర్వాతే అసలు చిక్కు. పదేళ్లకు ఒకటి, పదహారేళ్లకు ఒకటి ఉన్నాయని ఇంట్లోవాళ్లకు తెలియదు, పిల్లలకు తెలియదు, జ్వరమనో కడుపునొప్పనో మన దగ్గరికి వచ్చినప్పుడు మనమూ అడగం. చీటీ రాసి, మందులిచ్చి పంపించేస్తాం.

ఇది చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో పీహెచ్‌సీల్లో, విలేజ్ హెల్త్ క్లినిక్కుల్లో, పలమనేరు, పుత్తూరు లాంటి ఊళ్లలో చిన్న ప్రైవేటు క్లినిక్కుల్లో పనిచేసేవాళ్ల కోసం రాస్తున్నాను. డాక్టర్లు, ఏఎన్ఎంలు, ఎంఎల్‌హెచ్‌పీలు (విలేజ్ హెల్త్ క్లినిక్కుల్లో ఉండే మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది), స్టాఫ్ నర్సులు అందరికీ పనికొస్తుంది. నాకు గట్టిగా అనిపించేది ఒకటే: ఈ వయసులో టీకా వద్దనే కుటుంబాలు తక్కువ, వేయించుకోమని ఎవరూ చెప్పని కుటుంబాలే చాలా ఎక్కువ. కాబట్టి ముందు మన వైపు పని సరిచేసుకుందాం, అపోహల సంగతి ఆ తర్వాత.

ఏ టీకాలో ముందు తేల్చుకోండి

జాతీయ టీకాల పట్టికలో ఈ వయసుకి ఉన్నది టీడీ. 10 ఏళ్లకు ఒకటి, 16 ఏళ్లకు ఒకటి, ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా. 2019లో పాత టీటీ స్థానంలో ఇది వచ్చింది. టీటీ ధనుర్వాతానికి మాత్రమే, టీడీలో ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియాకి కూడా రక్షణ ఉంటుంది. అదే మన పెద్దవాళ్లు కంఠసర్పి అనే జబ్బు, గొంతులో బూడిద రంగు పొర కట్టి ఊపిరి ఆడకుండా చేసేది, గుండెను కూడా దెబ్బతీసేది. పసితనంలో వేసిన టీకా బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుంది, అందుకే ఇప్పుడు డిఫ్తీరియా బడికెళ్లే పిల్లల్లో కూడా కనబడుతోంది. ఇది తల్లిదండ్రులకు చెప్పండి, ఎందుకంటే వాళ్లు వెంటనే అనే మాట “మొన్న మేకు గుచ్చుకుంటే టీటీ ఏయించినాం కదా మేడమ్, మళ్లా ఎందుకు?” అని. గాయానికి వేసింది టీటీయా టీడీయా, ఏ తేదీన వేశారు అని కనుక్కుని రాసుకోండి. టీటీ అయితే డిఫ్తీరియా భాగం అందనట్టే, ఎప్పుడు వేయాలో డాక్టర్ చూసి చెప్తారు. టీడీయే అయితే ఆ వివరం కార్డులో ఎక్కించి, దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చో లేదో డాక్టర్‌నే అడగండి.

రెండోది హెచ్‌పీవీ. గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌ను ఆపే టీకా. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి లక్షా ఇరవై వేలకు పైగా కొత్త కేసులు, దాదాపు 80 వేల మరణాలు. 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేస్తే బాగా పనిచేస్తుంది, ఈ వయసు ఆడపిల్లలకు ఒక డోసు గానీ రెండు డోసులు గానీ సరిపోతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో చెప్పింది. పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సర్వావాక్ 2023 జనవరిలో విడుదలైంది. ప్రభుత్వ సరఫరాలో ఏ వయసువాళ్లకు, ఎన్ని డోసులు అనేది మీ మెడికల్ ఆఫీసర్ దగ్గరున్న తాజా ఉత్తర్వు చూసి అదే పాటించండి. ప్రైవేటులో వేసేవాళ్లు బ్రాండును బట్టి ధరలో చాలా తేడా ఉంటుందని, ఎన్ని డోసులు కావాలో, మొత్తం ఎంత అవుతుందో మొదటి రోజే చెప్పేయండి. మొదటి డోసు వేశాక డబ్బుల్లేక రెండోదానికి రాని పిల్లలు ఉన్నారు, ముందే తెలిసుంటే వాళ్లు తక్కువ ధర టీకాకే వెళ్లేవాళ్లు.

జాబితా లేకుండా మొదలుపెట్టకండి

“మా ఏరియాలో అందరికీ వేసేశాం” అనే మాట నమ్మకండి. అందరూ అంటే ఎంతమందో తెలియాలి కదా. ఐదు వేల జనాభా ఉన్న సబ్ సెంటర్‌లో ఒక్కో వయసులో సుమారుగా 70, 80 మంది పిల్లలు ఉంటారు. అంటే పదేళ్లవాళ్లు, పదహారేళ్లవాళ్లు కలిపి 150 దాకా పేర్లు రావాలి. మీ రిజిస్టర్‌లో 60 పేర్లే ఉంటే మిగతావాళ్లు టీకా వద్దన్నారని కాదు, మీ లెక్కలోకే రాలేదని.

పేర్లు ఎక్కడి నుంచి తేవాలి? ఒకటి, స్కూలు హాజరు పట్టీ. పదేళ్లంటే ఇంచుమించు ఐదో తరగతి, పదహారేళ్లంటే పదో తరగతి. హెడ్మాస్టర్‌ను అడిగితే పుట్టిన తేదీలతో సహా ఇస్తారు. రెండు, గ్రామ సచివాలయంలో ఉన్న ఇంటింటి వివరాలు. మూడు, ఆశా కార్యకర్త జ్ఞాపకం. దీన్ని తక్కువగా చూడకండి. బడి మానేసినవాళ్లు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనికెళ్తున్నవాళ్లు, నగరి వైపు మగ్గాల దగ్గర కూర్చున్నవాళ్లు, పెళ్లయిపోయి అత్తగారింటికి వెళ్లిన పదహారేళ్ల పిల్ల, వీళ్లెవరూ హాజరు పట్టీలో ఉండరు. మామూలుగా టీకా తప్పేది కూడా వీళ్లకే. స్కూలు జాబితా మీద సచివాలయం జాబితా పెట్టి చూడండి, రెండోదాంట్లో ఉండి మొదటిదాంట్లో లేని పేర్లను ఎర్ర పెన్నుతో రాసుకోండి. నా దృష్టిలో ఈ పనంతటిలో ఆ ఎర్ర పేర్లే ముఖ్యం.

ఒక్కో పేరు పక్కన నాలుగే గళ్లు చాలు: పుట్టిన తేదీ, ఇంట్లో ఎవరి ఫోన్ నంబరు, టీడీ 10 తేదీ, టీడీ 16 తేదీ. ఆడపిల్ల అయితే హెచ్‌పీవీకి ఇంకో గడి. ఇంతకన్నా ఎక్కువ గళ్లు పెడితే నింపేవాళ్లు ఉండరు.

ఏ పనిమీద వచ్చినా కార్డు అడగండి

టీనేజి పిల్లలు ఆసుపత్రికి వచ్చేదే తక్కువ. వచ్చిన ఆ ఒక్కసారి వదిలేస్తే మళ్లీ ఏడాది తర్వాతే. అందుకే ఓపీ చీటీ రాసేచోటే పని మొదలవ్వాలి, డాక్టర్ గదిలో కాదు. వయసు 10 నుంచి 17 మధ్య అయితే చీటీ పైన మూలలో “టీకా?” అని రాయమని చీటీ రాసేవాళ్లకు చెప్పండి. ఆ ఒక్క మాట చూసి నర్సు అడుగుతుంది, బాకీ ఉంటే డాక్టర్ చూడగానే పక్క గదికి పంపిస్తుంది. బాకీ ఉన్న ప్రతి పిల్లకూ డాక్టర్ విడిగా రాయాల్సిన అవసరం లేకుండా, అర్హులైతే నర్సే వేసేలా మెడికల్ ఆఫీసర్ ఒకసారి రాతపూర్వకంగా ఆదేశం ఇచ్చి గోడకు అంటిస్తే పని చాలా తేలికవుతుంది.

జలుబు, కొద్దిపాటి దగ్గు, విరేచనాలు తగ్గుముఖం పట్టడం, ఇలాంటివాటికి టీకా ఆపక్కర్లేదు. జ్వరం గట్టిగా ఉంటే, పిల్ల నీరసంగా ఉంటే తగ్గాక వేయండి, కానీ “తగ్గినాక రండి” అని వదిలేయకుండా తేదీ చెప్పి చీటీలో రాయండి. అమ్మాయిలు అడగడానికి సిగ్గుపడే విషయం ఒకటుంది, మీరే ముందు చెప్పేయండి: బహిష్టులో ఉన్నా టీకా వేయించుకోవచ్చు, ఏమీ కాదు.

అన్న వెంట తమ్ముడు, చంటిబిడ్డ టీకాకి వచ్చిన తల్లి వెంట పదేళ్ల కూతురు, అమ్మమ్మ బీపీ మాత్రల కోసం తోడొచ్చిన మనవడు, వీళ్లను కూడా అడగండి. బుధ, శనివారాల సెషన్లలో ఇలా పక్కన కూర్చున్న పిల్లలు ఎప్పుడూ ఉంటారు.

ఇక్కడ చాలా చోట్ల జరిగేది ఒకటి చెప్పాలి. “ఒక్కడి కోసం పది డోసుల వయల్ తెరిస్తే మిగతాది వేస్ట్ అవుతుంది, పదిమంది పోగయ్యాక రమ్మందాం” అంటారు. టీడీకి ఓపెన్ వయల్ పాలసీ వర్తిస్తుంది. తెరిచిన వయల్‌ని 28 రోజుల దాకా వాడుకోవచ్చు, కాకపోతే గడువు తేదీ దాటకూడదు, వీవీఎం (వయల్‌కి వేడి తగిలిందో లేదో చూపే గుర్తు) వాడదగ్గ దశలో ఉండాలి, 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచి ఉండాలి, రబ్బరు మూత నీళ్లలో మునిగి ఉండకూడదు, శుభ్రంగా డోసులు తీసి ఉండాలి. తెరిచిన తేదీ, టైమ్ వయల్ మీద రాయండి. అంటే ఒక్క పిల్లాడొచ్చినా వయల్ తెరవొచ్చు. వచ్చిన పిల్లాడిని వెనక్కి పంపడమే నిజమైన వేస్ట్.

ఎలా చెప్తున్నామో దాన్నిబట్టే ఉంటుంది

“టీకా వేయించుకుంటారా?” అని అడిగితే సగం మంది “ఆయన్ని అడిగి చెప్తా” అంటారు. తప్పు వాళ్లది కాదు, మనం అడిగిన తీరులోనే సందేహం ఉంది. అదే “బాబుకి పదేళ్లు నిండినాయి కదమ్మా, ఈ రోజు టీడీ వేస్తాం. చొక్కా చెయ్యి పైకి మడుచు నాయనా” అంటే తల్లి తలూపుతుంది, అనుమానం ఉంటే అప్పుడే అడుగుతుంది. అమెరికాలోని నార్త్ కరోలినాలో ఈ రెండు తీరుల్ని పోల్చి చూసిన పరిశోధన 2017లో వచ్చింది. చర్చ పెట్టడం నేర్చుకున్న క్లినిక్కుల్లో పెద్దగా మార్పు రాలేదు. వేస్తున్నామని మామూలుగా చెప్పడం నేర్చుకున్న క్లినిక్కుల్లో మాత్రం హెచ్‌పీవీ మొదలుపెట్టినవాళ్లు 5 శాతం పైచిలుకు పెరిగారు. చెప్పే మాట మార్చడానికి పైసా ఖర్చు లేదు.

ఇలా చెప్పడమంటే బలవంతం చేయమని కాదు. తల్లి ప్రశ్న అడిగిన క్షణం నుంచి మీరు వినాలి. రెండు మూడు ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తాయి, ఎక్కువగా హెచ్‌పీవీ గురించే.

“పెండ్లి గాని పిల్లకి ఇదెందుకు సార్?” క్యాన్సర్ వచ్చేది నలభై, యాభై ఏళ్ల వయసులో అయినా దానికి కారణమైన వైరస్ అంతకు చాలా ఏళ్ల ముందే ఒంట్లో చేరుతుంది, చేరకముందే టీకా ఉంటే అడ్డుకుంటుంది, చేరాక వేస్తే ఆ వైరస్‌ని పోగొట్టలేదు, అందుకే చిన్న వయసులో. ఇంతే చెప్పండి, సాగదీయకండి. క్యాన్సర్ మాట ముందు, వైరస్ మాట తర్వాత రానివ్వండి.

“ఇది ఏయించుకుంటే పిల్లలు పుట్టరంట కదా?” దీనికి ఆధారమేమీ లేదని సూటిగా చెప్పండి. నవ్వకండి, కసురుకోకండి, ఆ భయం ఆ తల్లికి నిజమే. ఈ టీకా 2006 నుంచి ప్రపంచంలో వాడుకలో ఉంది. పదిహేడేళ్ల లోపే వేయించుకున్న ఆడపిల్లల్లో ఈ క్యాన్సర్ 88 శాతం తగ్గిందని స్వీడన్‌లో 2020లో లెక్క తేలింది. స్కాట్లండ్‌లో 12, 13 ఏళ్లకే పూర్తిగా వేయించుకున్న ఆడవాళ్లలో ఒక్క కేసు కూడా కనబడలేదని 2024లో ప్రకటించారు. చదువుకున్న తండ్రులకు ఈ రెండు మాటలు బాగా పనిచేస్తాయి. తల్లులకు మాత్రం “మా పాపకి కూడా వేయించినాను” అని ఏఎన్ఎం చెప్పే మాటే ఎక్కువ, అది నిజమైతేనే చెప్పాలి.

మూడోది ఖమ్మం. ఆ కాలం గుర్తున్నవాళ్లు ఇప్పటికీ అడుగుతారు, వాట్సాప్‌లో కూడా తిరుగుతూ ఉంటుంది. దాచకండి. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లో వడోదరలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ వేసే ప్రాజెక్టు నడిచింది. టీకా వేయించుకున్నవాళ్లలో కొందరు తర్వాత చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాల్లో పాముకాటు, నీళ్లలో మునగడం, పురుగుమందు తాగడం లాంటివి ఉన్నాయి, టీకా వల్ల జరిగి ఉండే అవకాశం చాలా తక్కువని విచారణ కమిటీ చెప్పింది. కానీ అక్కడ జరిగిన అసలు తప్పు వేరే. తల్లిదండ్రులను అడగకుండా హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లే అనుమతి పత్రాల మీద సంతకాలు పెట్టేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. తెలుగు జిల్లాల్లో హెచ్‌పీవీ పేరెత్తితే భయం రావడానికి ఆ సంతకాలే కారణమని నేను నమ్ముతాను. అందుకే అనుమతి పత్రం విషయంలో మనం ఒక్క సంతకం కూడా అడ్డదారిలో తీసుకోకూడదు.

పత్రం తెలుగులో, ఒక పేజీకి మించకుండా ఉండాలి. ఏ టీకా, దేనికి, మామూలుగా వచ్చే ఇబ్బందులేంటి, ఎవరికి ఫోన్ చేయాలి, ఇవి ఉంటే చాలు. చదవలేని తల్లికి చదివి వినిపించి వేలిముద్ర తీసుకోండి. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు ఎక్కువ, పుంగనూరు, పలమనేరులో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల భాష వచ్చిన ఆశా కార్యకర్తను ఆ ఇళ్లకు పంపండి. పిల్లను కూడా అడగండి. పద్నాలుగేళ్ల అమ్మాయి ముందు ఆమె తల్లితోనే మాట్లాడి, సూది మాత్రం ఆమెకు వేస్తే అదేం మర్యాద?

స్కూల్లో వేసే రోజు

2017 ఆగస్టులో ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) క్యాంపెయిన్ జరిగినప్పుడు 9 నెలల నుంచి 15 ఏళ్ల దాకా పిల్లలకు, ఎక్కువమందికి స్కూళ్లలోనే వేశాం. కాబట్టి స్కూల్లో వేయడం మనకు తెలియని పని కాదు. తేదీ ఎంచుకోవడంలోనే తెలివి ఉంది. జూన్‌లో బళ్లు తెరవగానే వెళ్తే పుస్తకాలు, అడ్మిషన్లు, పైగా మన దగ్గర తోతాపురి మామిడి సీజన్, తల్లిదండ్రులు తోటల్లోనే ఉంటారు, పత్రాలు తిరిగిరావు. జూలై చివర నుంచి దసరా సెలవుల లోపు మంచి సమయం. పదో తరగతివాళ్లకు మాత్రం ఇంకా ముందే వేసేయండి, సంక్రాంతి దాటితే స్పెషల్ క్లాసులు, మార్చిలో పరీక్షలు, అప్పుడు టీచర్లు ఒక్క గంట కూడా ఇవ్వరు, ఇవ్వమనడం న్యాయమూ కాదు.

పత్రాలు వారం ముందే పంపండి. రెండు రోజుల ముందు క్లాస్ టీచర్‌కి ఫోన్ చేసి రానివాళ్ల పేర్లు అడగండి. పత్రం రాలేదంటే వద్దన్నారని అర్థం కాదు, బ్యాగులో నలిగిపోయి ఉంటుంది. ఆ ఇళ్లకు ముందు రోజు సాయంత్రం ఆశా వెళ్లాలి.

ఆ రోజు మూడు గదులు కావాలి. ఒకదాంట్లో కూర్చోబెట్టి పేర్లు పిలవడం, రెండోదాంట్లో టీకా, మూడోదాంట్లో అరగంట కూర్చోబెట్టి గమనించడం. టీకా వేసే గది తలుపు దగ్గర మిగతా పిల్లలు గుంపుగా నిలబడి చూడకూడదు. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు గానీ టీనేజి పిల్లల్లో అన్నిటికన్నా ఎక్కువ గొడవ దీనివల్లే. ఒక ఊరి హైస్కూల్లో వరండాలోనే లైను పెట్టి వేశారు, ఉదయం ఏమీ తినకుండా వచ్చిన అమ్మాయి ఒకతి టీకా అయిన నిమిషంలో కళ్లు తిరిగి పడిపోయింది. చూస్తున్న అమ్మాయిల్లో ఒకరి తర్వాత ఒకరు కూర్చుండిపోయారు, తల తిరుగుతోందన్నారు, చేతులు తిమ్మిరెక్కాయన్నారు. పది నిమిషాల్లో గేటు దగ్గర తల్లులు, ఫోన్లలో వీడియోలు. అందరూ ఆ సాయంత్రానికే మామూలుగా ఇంటికెళ్లారు, కానీ ఆ స్కూల్లో మళ్లీ పత్రాల మీద సంతకాలు రావడానికి చాలా కాలం పట్టింది. అది టీకా లోపం కాదు, భయం ఒకరి నుంచి ఒకరికి పాకడం.

అలా కాకుండా ఉండాలంటే: టిఫిన్ తిని రమ్మని ముందు రోజే చెప్పించండి, తినకుండా వచ్చినవాళ్లకు బిస్కెట్, నీళ్లు ఇచ్చి చివర్లో వేయండి, లేదా మధ్యాహ్న భోజనం అయ్యాక పెట్టుకోండి. కూర్చోబెట్టే వేయండి, బాగా భయపడే పిల్లను పడుకోబెట్టి వేయండి. ఇంతకుముందు సూదికి కళ్లు తిరిగిన అలవాటు ఉందా అని అడగండి. వేసేటప్పుడు మాటల్లో పెట్టండి, ఏ క్లాసు, ఏ ఊరు, నిన్న మ్యాచ్ చూశావా అని, సూదిని చూడొద్దనండి. జబ్బ పైభాగంలో కండరానికి 0.5 మిల్లీలీటరు, అది మీకు తెలిసిందే. టీడీ, హెచ్‌పీవీ రెండూ ఒకే రోజు వేయాల్సి వస్తే చెరో చేతికి వేయొచ్చు. గర్భవతి అయిన అమ్మాయికి హెచ్‌పీవీ వేయకూడదు, టీడీ మాత్రం గర్భిణుల టీకాల లెక్క ప్రకారం తప్పకుండా వేయాలి. చిన్న వయసు పెళ్లిళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి ఈ విషయం చాటుగా, ఆ అమ్మాయి పరువు పోకుండా కనుక్కోండి.

కళ్లు తిరిగి పడితే వెంటనే పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టండి, రెండు మూడు నిమిషాల్లో తేరుకుంటుంది. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు ముఖం వాపు, పిల్లికూతలు, ఊపిరాడకపోవడం, నాడి వేగంగా నీరసంగా కొట్టుకోవడం కనబడితే అది వేరే, అది అనాఫిలాక్సిస్, ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ. చాలా అరుదు, కానీ క్షణం ఆలస్యం చేయకూడదు. టీకా తర్వాత ఇబ్బంది వస్తే వాడే ఏఈఎఫ్ఐ కిట్‌లోని అడ్రినలిన్ వయసువారీ పట్టిక ప్రకారం తొడ కండరానికి ఇచ్చి 108కి ఫోన్ చేయండి. కిట్ ఉంది కదా అని కాదు, లోపల అడ్రినలిన్ గడువు తేదీ ఆ రోజు ఉదయం ఒకరు చూసి సంతకం పెట్టాలి.

ఐస్ ప్యాకుల గురించి కూడా ఒక మాట. ఎండలకు భయపడి గడ్డకట్టిన ప్యాకులు నేరుగా క్యారియర్‌లో పెట్టేస్తారు. టీడీ, హెచ్‌పీవీ రెండూ గడ్డకడితే పాడైపోయే టీకాలు. ప్యాకు ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు రావాలి, అప్పుడే పెట్టండి.

వెళ్లేటప్పుడు ప్రతి పిల్లకూ చెప్పాలి: ఏం టీకా వేశాం, చెయ్యి నొప్పి, కొద్దిగా జ్వరం రావచ్చు, వస్తే ఏం చేయాలి, తర్వాతి టీకా ఎప్పుడు, కార్డు జాగ్రత్త. ఎక్కువ జ్వరం వచ్చినా, ఇంకేదైనా తేడాగా ఉన్నా ఫోన్ చేయమని నంబరు కార్డు మీదే రాసివ్వండి, రాత్రి ఫోన్ వస్తే ఎత్తండి.

హాస్టళ్లు, రెసిడెన్షియల్ కాలేజీలు

తిరుపతి చుట్టుపక్కల ఎంతమంది ఇంటర్ పిల్లలు హాస్టళ్లలో ఉన్నారో మీకు తెలుసు. సొంత ఊరి ఏఎన్ఎం “కాలేజీలో వేస్తారులే” అనుకుంటుంది, కాలేజీ ఉన్న ఏరియా ఏఎన్ఎం “వీళ్లు మా జాబితాలో లేరు” అనుకుంటుంది. పదహారేళ్ల టీడీ ఎక్కువగా తప్పేది ఇక్కడే. పిల్లలు ఎక్కడ పడుకుంటున్నారో ఆ ఏరియావాళ్లే బాధ్యత తీసుకోవాలని మండలం స్థాయి సమావేశంలో తేల్చి రాసుకోండి. కేజీబీవీలు, గురుకులాలు, సంక్షేమ హాస్టళ్లలో అయితే తల్లిదండ్రులు చూడ్డానికి వచ్చే రోజే పత్రాలు చదివించి సంతకాలు తీసుకోండి. వార్డెన్ సంతకం వద్దు. ఖమ్మం సంగతి పైన చెప్పాను కదా.

ప్రైవేటు కాలేజీ యాజమాన్యం లోపలికి రానివ్వకపోతే గొడవ పెట్టుకోకుండా వేరే దారి చూడండి. ఆ పిల్లలు దసరాకి, సంక్రాంతికి, ఎండాకాలంలో, ఊరి గంగ జాతరకి ఇంటికొస్తారు. ఆ వారాల్లో జరిగే సెషన్‌ను టీనేజి పిల్లల సెషన్‌గా పెట్టుకుని, ముందు రోజే ఆశాలతో ఇంటింటికీ చెప్పించండి.

నెలకొకసారి లెక్క చూసుకోండి

పెద్ద రిపోర్టు అక్కర్లేదు, మూడు అంకెలు చాలు. ఈ నెల ఓపీకి వచ్చిన 10 నుంచి 17 ఏళ్లవాళ్లు ఎంతమంది? వాళ్లలో టీకా బాకీ ఉన్నవాళ్లు ఎంతమంది? అదే రోజు వేసింది ఎంతమందికి? మూడోది రెండోదానికి దగ్గరగా లేకపోతే ఎక్కడ జారిపోతున్నారో అందరూ కూర్చుని చూడండి. చీటీ దగ్గర అడగలేదా, వయల్ తెరవలేదా, తోడు వచ్చిన అవ్వ నిర్ణయం తీసుకోలేకపోయిందా. ప్రతి సబ్ సెంటర్ అంకె పక్కపక్కన గోడ మీద రాస్తే ఎవరినీ తిట్టాల్సిన పని ఉండదు.

వేసిన ప్రతి డోసూ ఆ రోజే యూ-విన్‌లో (టీకాల ఆన్‌లైన్ రికార్డులో) ఎక్కించండి. ప్రైవేటు క్లినిక్కులవాళ్లు హెచ్‌పీవీ రెండో డోసుకి తేదీ కాకుండా సందర్భం చెప్పండి, సంక్రాంతి సెలవుల్లో మొదటిది వేసుకుంటే జూలైలో రెండోది అని, దానికి వారం ముందు ఒక మెసేజ్, రాకపోతే ఒక ఫోన్.

చివరికి ప్రతి ఏరియాలో కొన్ని పేర్లు మిగులుతాయి. కుప్పం నుంచి బెంగళూరు పనికి పోయిన కుటుంబం, తిరుప్పూరులో బనియన్ కంపెనీకి వెళ్లిన పదహారేళ్ల అబ్బాయి. “వలస” అని రాసి మూసేయకండి. ఫోన్ చేయండి. ఏ ఊళ్లో ఉన్నా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో టీడీ ఉచితంగా వేస్తారని, వేయించుకుని కార్డు ఫొటో పంపమని చెప్పండి. ఫొటో వస్తే తేదీ ఎక్కించండి. రాకపోతే జాతరకి ఊరికి ఎప్పుడు వస్తున్నారో అడిగి ఆ తేదీ పేరు పక్కన రాసుకుని, ఆ వారం సెషన్ ఇండెంట్‌లో టీడీ వయల్ తప్పకుండా పెట్టండి.